లైంగిక నేరస్థుల నమోదు చట్టం: కాలిఫోర్నియా నిర్వచనాలు

లైంగిక నేరాలలో దోషులుగా తేలినవారు తమ వివరాలను పోలీసుల వద్ద విధిగా నమోదు చేయించుకోవాలనే చట్టాన్ని అమెరికాలో రాష్ట్రవ్యాప్తంగా తొలిసారి 1947లో కాలిఫోర్నియా తెచ్చింది. ఆ రాష్ట్ర శిక్షాస్మృతిలోని 290వ సెక్షన్‌కూ దాని అనుబంధాలకూ ఉన్న బలమూ చిక్కూ నిర్వచనాలలోనే ఉన్నాయి.

‘నివాసం’ అంటే సొంత ఇల్లో అద్దె ఇల్లో మాత్రమే కాదు. ఎన్ని రాత్రులు గడిపారన్నదానితో నిమిత్తం లేకుండా, వీధి చిరునామాతో గుర్తించగలిగి, వ్యక్తి తరచుగా ఉండే హోటల్, నిరాశ్రయుల వసతిగృహం, చివరకు వాహనం కూడా నివాసమే కనుక, ఒకే మనిషికి ఒకటికి మించిన నివాసాలు ఉండవచ్చు. అలాంటి చోటేదీ లేనివారు కనీసం 30 రోజులకొకసారి నమోదును పునరుద్ధరించుకోవాలి. నివాసం ఉన్నవారికి ఏడాదికోసారి, పుట్టినరోజుకు ముందు గానీ తరువాత గానీ 5 పనిదినాలలోగా చాలు. గూడు లేనివారిపైనే భారం ఎక్కువ పడటం గమనార్హం.

‘శ్రేణి’ అంటే నమోదు కొనసాగవలసిన కనీస కాలాన్ని నిర్ణయించే వర్గం. అందరికీ యావజ్జీవంగా ఉన్న నమోదు 2021 నుంచి 10 ఏళ్లు, 20 ఏళ్లు, యావజ్జీవం అనే మూడు శ్రేణులైంది. అయితే గడువు తీరినంత మాత్రాన పేరు తొలగదు, కోర్టుకు దరఖాస్తు చేసుకోవాలి. 2006 నాటి ఫెడరల్ చట్టంలో ఇవే శ్రేణులు 15 ఏళ్లు, 25 ఏళ్లు, యావజ్జీవం.

అలాస్కా చట్టంపై 2003లో తీర్పిస్తూ అమెరికా సుప్రీంకోర్టు, నమోదు శిక్ష కాదని, పౌర నియంత్రణ మాత్రమేనని చెప్పి, పాత నేరాలకూ దాన్ని వర్తింపజేయవచ్చని తేల్చింది. కాలిఫోర్నియాలో తెలిసి నమోదును ఎగ్గొట్టడం మాత్రం దానికదే నేరం.