లీకు కట్టే ఖర్చు ఎవరిది? షర్క్ ఓడల నుంచి మన బండ్ల దాకా

బండి కింద నల్లటి చుక్కలు పడుతున్నాయి. మనమే కింద దూరి చూసుకోవాలా, షువైఖ్ గరాజ్‌కి తోలుకెళ్ళి దినార్లు ఇచ్చుకోవాలా? కువైట్‌లో స్టీరింగ్ పట్టిన మనవాళ్ళకి ఏదో ఒకరోజు ఈ తిప్పలు తప్పవు. అయితే అన్నా, ఈ ఊళ్ళో ఈ ప్రశ్న కార్ల కంటే చాలా పాతది. ఈసారి ఎపిసోడ్‌లో షర్క్ కథ ఎత్తుకున్నది అందుకే. వినడానికి వీలు పడనివాళ్ళ కోసం ఇక్కడ రాసి పెడుతున్నాం.

షర్క్ అంటే తూర్పు. పాత కువైట్ పట్నానికి తూర్పు పేట అన్నమాట. ఇప్పుడు అక్కడికి పోతే 2011లో కట్టడం పూర్తయిన హమ్రా టవర్, సూక్ షర్క్, చేపల మార్కెట్ కనబడతాయి. వందేళ్ళ కింద ఆ ఒడ్డు మీద చెక్క ఓడలుండేవి. కొన్ని ముత్యాల వేటకి పోయేవి. 'బూమ్' అనే పెద్దవి బస్రా ఖర్జూరం నింపుకుని మన మలబారు తీరానికి, ఆఫ్రికాకి పోయేవి. ఓడలు కట్టే టేకు కూడా మలబారు నుంచే వచ్చేది. ఈ ఇసకలో అంత మాను ఎక్కడ దొరుకుతుంది మరి!

చెక్క ఓడ అన్నాక నీళ్ళు కారకుండా ఉండదు. పలకకీ పలకకీ మధ్య సందు ఉంటుంది, ఒడ్డున ఎండకి ఎండితే అది ఇంకా విచ్చుకుంటుంది. నూనెలో నానబెట్టిన దూదిని ఆ సందులో పెట్టి, ఉలి, సుత్తితో గట్టిగా కూరేవాళ్ళు. ఈ పని తెలిసిన ఓడ వడ్రంగిని ఇక్కడ 'గల్లాఫ్' అంటారు. నీళ్ళలో మునిగే అడుగు భాగానికి కొవ్వు, సున్నం కలిపిన పూత వేసేవాళ్ళు, పైభాగానికి చేప నూనె. తాళ్ళరేవు, కోరంగి వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఇదంతా కొత్త కాదు. అక్కడ కూడా చెక్క ఓడలు కట్టారు.

ఇంకా వెనక్కి పోతే ఒక విచిత్రం ఉంది. కువైట్ అఖాతానికి ఉత్తరాన, సుబియా దగ్గర తవ్వకాల్లో దాదాపు 7,000 ఏళ్ళ నాటి తారు ముక్కలు దొరికాయి. వాటికి ఒకవైపు రెల్లు కట్టల అచ్చులున్నాయి, ఇంకోవైపు సముద్రపు గుల్లలు అంటుకుని ఉన్నాయి. అంటే అది రెల్లు పడవలోకి నీళ్ళు రాకుండా పూసిన తారు. పరీక్ష చేస్తే బుర్గాన్ దగ్గర నేలలోంచి ఊరే తారుతో కలిసింది. అప్పట్లో లీకు ఆపడానికి వాడిన సరుకు అదే నేలది. ఇప్పుడు నూనే కారిపోతుంటే ఆపడానికి మనం తంటాలు పడుతున్నాం.

సరే, ఓడ పని ఎవరు చేసేవాళ్ళు? ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్ 1938-39లో 'బయాన్' అనే కువైట్ బూమ్ ఎక్కి తిరిగి, 1940లో 'సన్స్ ఆఫ్ సింద్‌బాద్' అనే పుస్తకం రాశాడు. ఓడని ఒడ్డుకి చేర్చి, అడుగు గీకి, పూత పూసే పని ఆ ఓడ మనుషులే చేసేవాళ్ళు. దానికి వేరే కూలీ ఏమీ లేదు. అసలు వాళ్ళకి నెల జీతమే లేదు, ప్రయాణం అయ్యాక వచ్చే వాటానే. పలకల మధ్య సందు కూరడం మాత్రం వడ్రంగి చెయ్యి పడాల్సిన పని.

ఆ వాటా కూడా చేతికి వచ్చేది తక్కువే. ముత్యాల వేటకి పోయేవాళ్ళు ఓడ కెప్టెన్, అంటే నఖోదా దగ్గర ముందే డబ్బు తీసుకుని ఇంట్లో ఇచ్చి పోయేవాళ్ళు. ఆ ఏడు ముత్యాలు సరిగ్గా పడకపోతే అప్పు తరువాతి ఏటికి ఎక్కేది. ఏజెంటుకి కట్టడానికి వడ్డీకి తెచ్చి విమానం ఎక్కినవాళ్ళకి ఆ లెక్క నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే 'మనమే చేసుకుంటే డబ్బు మిగులుద్ది' అని ఎవరన్నా అంటే, ఎవరి డబ్బు అని నేను అడుగుతాను. ఆ నావికులు ఒళ్ళు వంచి గీకితే మిగిలింది ఓడ యజమానికి. 20 నంబరు వీసా మీద ఇంటి డ్రైవరుగా ఉన్న మనిషి బాబా బండి కింద దూరితే మిగిలేది బాబాకి. ఏదన్నా విరిగితే మాట పడేది మాత్రం డ్రైవరే. 2015 నాటి 68వ నంబరు చట్టం ఇంటి డ్రైవరుకి వారానికో సెలవు ఇచ్చింది. ఆ రోజు కూడా జాకీ పట్టుకుని కూర్చుంటే ఇంక సెలవెందుకు? చుక్కలు కనబడగానే ఫోటో తీసి, తేదీతో సహా బాబాకి వాట్సాప్ పెట్టండి. ఖర్చు మాట అక్కడే తేలనీయండి.

ఓడల కాలం తొందరగానే అయిపోయింది. 1938 ఫిబ్రవరిలో బుర్గాన్‌లో చమురు పడింది, 1946 జూన్ 30న మొదటి ఓడ చమురు ఎత్తుకుని పోయింది. 1920లో కట్టిన పట్నం గోడని 1957లో కూల్చి, గేట్లు మాత్రం ఉంచారు. లోపలి మట్టి ఇళ్ళు పోయి రోడ్లు వచ్చాయి, కార్లు వచ్చాయి, షువైఖ్‌లో గరాజ్‌లు వరసకట్టాయి.

సొంత బండి అయితే లెక్క వేరు, అక్కడ మిగిలేది మీకే. 2016 జులై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు కొట్టింది. అలాంటి వేడికి ఇంజన్ రబ్బరు గట్టిపడి పగులుతుంది, దుమ్ముతో బ్రీదర్ మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఆయిల్ బయటికి తన్నుకొస్తుంది. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి పొద్దున చూడండి. రంగు లేని నీళ్ళయితే ఏసీవి. ఎర్రగా ఉంటే చాలా వరకు గేరుబాక్సుది. గోధుమరంగో నలుపో అయితే ఇంజన్ ఆయిల్. డ్రెయిన్ నట్టు వాషర్, ఫిల్టర్ బిగింపు, ట్యాపెట్ కవర్ ప్యాకింగ్, ఇవి పాత ఓడకి పూత లాంటి పనులు, ఓపిక ఉంటే మనం చేసుకోవచ్చు. ఇంజన్‌కీ గేరుబాక్సుకీ మధ్య నుంచి కారుతుంటే అది క్రాంక్ వెనక సీలు కావచ్చు. సీలు ఖరీదు తక్కువే, కానీ గేరుబాక్సు దింపాలి. అది గల్లాఫ్ పని, మెకానిక్‌కి ఇవ్వండి. రేటు మాత్రం రెండు మూడు గరాజ్‌లలో అడిగాకే ఒప్పుకోండి.

వట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మాత్రం ఎవ్వరూ పోవద్దు, స్టాండ్లు పెట్టుకోండి. గరాజ్‌కి ఇచ్చేదాకా రోజూ పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ లాగి చూడండి. కింది గీత దగ్గరికి వస్తే పోయండి, దిగువకి పోతే బండి తియ్యొద్దు.