బరువు తగ్గించే ఆపరేషన్: ముందు చేసే పరీక్షలు ఏవి, ఎందుకు?

నల్గొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా బరువు తగ్గించే ఆపరేషన్ కోసం హైదరాబాద్ వెళ్లే కుటుంబాలు మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. ఖర్చెంత? ఎన్ని కిలోలు తగ్గుతారు? డాక్టర్ మాత్రం ముందు ఒక పొడవాటి పరీక్షల చీటీ రాసిస్తారు. బిల్లు పెంచడానికే ఇన్ని రాశారన్న అనుమానం చాలామందికి వస్తుంది. నిజానికి ఏ ఆపరేషన్ చేయాలి, ఎప్పుడు చేయాలి, అసలు చేయాలా వద్దా అన్నది తేలేది ఈ పరీక్షలతోనే.

ఆపరేషన్ అంటే ఏమిటి?

దీన్ని బేరియాట్రిక్ సర్జరీ అంటారు. ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో పొట్ట సంచిని దాదాపు 80 శాతం కోసి తీసేసి, అరటికాయంత గొట్టంలా మిగులుస్తారు. తీసేసిన భాగాన్ని మళ్లీ పెట్టడం కుదరదు. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని చిన్న సంచిగా విడదీసి, నేరుగా పేగుకు కలుపుతారు. రెండూ చిన్న రంధ్రాల ద్వారా, పూర్తి మత్తులో చేసేవే. ఒంట్లో కొవ్వును పీల్చేసే లైపోసక్షన్ వేరు, ఇది వేరు.

ఎవరికి చేస్తారు?

లెక్క బీఎంఐతో మొదలవుతుంది. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ వస్తుంది. 1.55 మీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉంటే బీఎంఐ సుమారు 39.5.

2022లో వచ్చిన అంతర్జాతీయ సూచనల ప్రకారం బీఎంఐ 35, అంతకు మించితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ సలహా ఇవ్వొచ్చు. 30 నుంచి 35 మధ్య ఉండి షుగర్ లాంటి జబ్బు ఉంటే ఆలోచించవచ్చు. ఆసియా వాళ్లకు తక్కువ బరువుకే షుగర్, గుండె జబ్బులు వస్తాయి కాబట్టి వారి విషయంలో 27.5 నుంచే పరిశీలించవచ్చని చెప్పారు.

బీమా కంపెనీల లెక్క ఇలా ఉండదు. ఐఆర్‌డీఏఐ నిబంధన ప్రకారం వయసు 18 నిండాలి. బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలి. 35 పైన ఉంటే గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా, అదుపులోకి రాని టైప్ 2 షుగర్ లాంటివి ఉండాలి, మామూలు పద్ధతుల్లో బరువు తగ్గలేదని చూపించాలి. అందుకే డైట్, మందులు వాడిన పాత చీటీలను పారేయకూడదు.

ఊళ్లోనే అయ్యే పరీక్షలు

రెండు పట్టణాలూ హైదరాబాద్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. ప్రతి రక్తపరీక్షకూ అంత దూరం తిరగనక్కర్లేదు. మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్గొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. 2021 జూన్‌లో జిల్లాల్లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ హబ్‌లు ఈ రెండు చోట్లా వచ్చాయి. ప్రభుత్వ డాక్టర్ రాసిన చీటీ ఉంటే చాలా రక్తపరీక్షలు ఉచితంగా అవుతాయి. ఆ రిపోర్టులు ఒప్పుకుంటారా, ఎన్ని రోజుల లోపువి కావాలి అని ఆపరేషన్ చేసే ఆసుపత్రిని ముందే అడగాలి.

*షుగర్:* మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ముఖ్యం. 7 లోపు ఉంటే మంచిది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు 8 వరకు ఒప్పుకుంటారు. ఎక్కువుంటే గాయం మానదు, ఇన్ఫెక్షన్ వస్తుంది కాబట్టి ఆపరేషన్ వాయిదా వేస్తారు.

*థైరాయిడ్:* బరువు పెరగడానికి థైరాయిడ్ లోపం కూడా ఒక కారణం కావొచ్చు. ముందు దాన్ని మందులతో సరిచేస్తారు.

*రక్తం, విటమిన్లు:* హిమోగ్లోబిన్, ఐరన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం చూస్తారు. లావుగా ఉన్నారంటే ఒంట్లో అన్నీ నిండుగా ఉన్నాయని కాదు. మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడేవారిలో బీ12 తగ్గుతుంది. ఎండ తగలని ఆడవాళ్లలో విటమిన్ డి లోపం మామూలే. ఆపరేషన్ తర్వాత ఇవి ఒంటికి పట్టడం ఇంకా తగ్గుతుంది కాబట్టి లోటును ముందే పూడ్చాలి.

*కిడ్నీ, లివర్, రక్తం గడ్డకట్టే సమయం, హెపటైటిస్, హెచ్‌ఐవీ:* ఏ పెద్ద ఆపరేషన్‌కైనా ఇవి చేస్తారు. ఎవరి మీదో అనుమానంతో చేసేవి కావు.

*కడుపు స్కానింగ్:* ఫ్యాటీ లివర్ ఎంతుంది, పిత్తాశయంలో రాళ్లున్నాయా అని చూస్తారు. బరువు వేగంగా తగ్గేటప్పుడు కొత్త రాళ్లు కూడా రావొచ్చు.

పెద్దాసుపత్రిలో చేసేవి

*ఎండోస్కోపీ:* గొంతు ద్వారా సన్నని గొట్టం పంపి పొట్ట లోపల చూస్తారు. పుండు, హెర్నియా, హెచ్ పైలోరీ అనే బాక్టీరియా ఉంటే బయటపడతాయి. బాక్టీరియా ఉంటే ముందు మందుల కోర్సు పూర్తి చేయాలి. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు బాగా ఉన్నవాళ్లకు స్లీవ్ చేస్తే అవి పెరగొచ్చు, అప్పుడు బైపాస్ మేలంటారు. బైపాస్ అయ్యాక మిగిలిన పాత పొట్టలోకి మామూలు ఎండోస్కోపీ గొట్టం చేరదు. కాబట్టి చూడాల్సింది ముందే చూసుకోవాలి.

*గుండె, ఊపిరితిత్తులు:* ఈసీజీ, 2డి ఎకో, ఛాతీ ఎక్స్‌రే, అవసరమైతే ఊపిరి బలాన్ని కొలిచే పరీక్ష.

*నిద్ర పరీక్ష:* చాలామంది తేలిగ్గా తీసుకునే పరీక్ష ఇది. "అబ్బా గురక గోడ అవతలికి వినిపిస్తుంది" అని ఇంట్లో నవ్వుకుంటారు. గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేస్తుంటే అది స్లీప్ ఆప్నియా కావొచ్చు. మత్తు, నొప్పి మందుల ప్రభావంలో అలా ఊపిరి ఆగితే ప్రాణం మీదికి వస్తుంది. జబ్బు తేలితే సీప్యాప్ అనే గాలి మాస్క్‌ను ఆపరేషన్‌కు ముందునుంచే రాత్రుళ్లు పెట్టుకుని అలవాటు చేసుకోవాలి. పడుకున్నవాళ్లకు తమ గురక తెలియదు కాబట్టి పక్కన పడుకునేవాళ్లు కూడా డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది.

*డైటీషియన్, మానసిక నిపుణులు:* దిగులుతో అతిగా తినే అలవాటు ఉందా, తర్వాతి మార్పులకు మనిషి సిద్ధంగా ఉన్నారా అని మాట్లాడి తెలుసుకుంటారు. పిచ్చి ఉందని పంపించరు.

దాచకుండా చెప్పాల్సినవి

ఇంట్లో వాడే ప్రతి మాత్రా సంచిలో వేసుకుని తీసుకెళ్లాలి. ముఖ్యంగా:

- డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలు. వీటిని కనీసం మూడు రోజుల ముందే ఆపిస్తారు. ఆపకపోతే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది.
- బరువు కోసం వాడే సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు. వీటివల్ల పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. మత్తు డాక్టర్‌కు తప్పక తెలియాలి.
- ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు, గర్భనిరోధక మాత్రలు.
- కీళ్ల నొప్పికో, ఆయాసానికో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే బరువు దానివల్లే పెరిగి ఉండొచ్చు. హఠాత్తుగా ఆపినా ప్రమాదమే.
- యునానీ, ఆయుర్వేద, నాటు మందులు.
- సిగరెట్, బీడీ, గుట్కా, జర్దా. పొగ కనీసం ఆరు వారాల ముందే మానాలి.

మర్రిగూడ, మునుగోడు లాంటి ఫ్లోరైడ్ ప్రాంతాల పెద్దవాళ్లలో మెడ, వెన్ను బిగుసుకుపోయి ఉండొచ్చు. మెడ వెనక్కి వంగకపోతే ఊపిరి గొట్టం వేయడం కష్టమవుతుంది. ఆ సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పాలి.

చివరి రెండు వారాలు

"ఇక తినలేవు కదా" అని చుట్టాలు వరసగా దావత్‌లు ఇస్తారు. ఇది ప్రేమే అయినా చేటు చేస్తుంది. కొవ్వు పట్టి ఉబ్బిన లివర్ పొట్ట మీద పరుచుకుని ఉంటుంది. దాన్ని పైకెత్తితేనే సర్జన్‌కు పొట్ట కనిపిస్తుంది. లివర్ తగ్గడానికే సుమారు రెండు వారాలు రోజుకు 800 నుంచి 1000 క్యాలరీల ఆహారం ఇస్తారు. గుడ్డు తెల్లసొన, చర్మం తీసిన చికెన్, పలచటి మజ్జిగ, కూరగాయలు, ప్రొటీన్ పౌడర్ ఉంటాయి. బిర్యానీ, బగారా అన్నం, షర్బత్, చక్కెర చాయ్ ఉండవు. తిండి తగ్గినప్పుడు పాత మోతాదులోనే ఇన్సులిన్, మాత్రలు వాడితే షుగర్ పడిపోతుంది. మోతాదును డాక్టరే మార్చాలి.

రంజాన్, హలాల్, పెళ్లి

*రోజా:* ఆపరేషన్ తర్వాత కొద్దికొద్దిగా, రోజంతా నీళ్లు తాగుతూ ఉండాలి. అందుకే మొదటి ఏడాది రోజాలు వద్దని చాలామంది డాక్టర్లు చెబుతారు. జబ్బుతో ఉన్నవారు తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది. తారీఖు ఖాయం చేసేటప్పుడే ఇది మాట్లాడుకోవాలి.

*మందులు:* రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, ఎనోక్సాపారిన్ పంది పేగుల నుంచి తయారవుతాయి. ఫోండాపారినక్స్ రసాయనికంగా చేసింది. అది సరిపోతుందా అని ముందే అడగొచ్చు. వేరే దారి లేనప్పుడు ప్రాణరక్షణకు వాడవచ్చని చాలామంది ఉలమా చెబుతారు. సందేహముంటే తెలిసిన ఆలింను అడిగి, ఇంజెక్షన్ మాత్రం మానకూడదు. విటమిన్లలో జెలటిన్ క్యాప్సూల్ బదులు మాత్రలు దొరుకుతాయి.

*ఆడవాళ్లు:* ఆపరేషన్‌కు ముందు గర్భ పరీక్ష చేస్తారు. తర్వాత 12 నుంచి 18 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. బరువు తగ్గగానే నెలసరి సర్దుకుని, పీసీఓడీ ఉన్నవారికి కూడా అనుకోకుండా గర్భం రావొచ్చు. నిఖా దగ్గర పడుతోందని అమ్మాయిని తొందరపెట్టి చేయించే ఆపరేషన్ కాదిది. విటమిన్లు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి కాబట్టి అత్తవారింటికీ తెలిసి ఉండటం మేలు. లేడీ నర్సు, పర్దా విషయం చేరేటప్పుడే చెబితే చాలాచోట్ల ఏర్పాటు చేస్తారు.

ఖర్చు సంగతి

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకు పెరిగింది. అయినా ప్రతి ఆపరేషన్ ఆ జాబితాలో ఉండదు. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగాకే డబ్బు సంగతి చూసుకోవాలి. ప్రైవేటు ఒక్కటే దారి కాదు. ఉస్మానియా జనరల్ ఆసుపత్రిలో 200 కిలోలు దాటిన యువకుడికి ఉచితంగా ఈ ఆపరేషన్ చేసిన సంగతి 2023 మొదట్లో వార్తల్లో వచ్చింది. ఆపరేషన్ ఖర్చుతో పాటు తర్వాతి ఏళ్ల విటమిన్లు, చెకప్‌లు, హైదరాబాద్ ప్రయాణాలు కూడా లెక్కలో వేసుకోవాలి.

పరీక్షలేవీ లేకుండా, ఫోన్లోనే తారీఖు ఇచ్చి అడ్వాన్స్ కట్టమనే చోట ఆగి ఆలోచించాలి. "ముందు షుగర్ తగ్గించుకుని రండి" అని తిప్పి పంపిన డాక్టర్ మీద కోపం అక్కర్లేదు. ఆ రెండు నెలల ఆలస్యం మనిషిని క్షేమంగా ఇంటికి తెచ్చుకోవడానికే.