శ్రీకాకుళం అడ్డపొగ, పిండ్‌బోర్గ్ పరిశోధన

డెన్మార్క్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్ (1921–1995) నోటి వ్యాధుల శాస్త్రవేత్త. దవడలో పుట్టే ఒక అరుదైన కణితిని ఆయన 1955లో వేరుగా గుర్తించి వర్ణించాడు. అది పిండ్‌బోర్గ్ కణితి పేరుతోనే స్థిరపడింది. 1959లో కోపెన్‌హేగన్ రాయల్ డెంటల్ కాలేజీలో ఆచార్యుడయ్యాడు. 1964లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ గోర్లిన్‌తో కలిసి ‘సిండ్రోమ్స్ ఆఫ్ ది హెడ్ అండ్ నెక్’ రాశాడు. తల, ముఖం, దవడల్లో పుట్టుకతోనూ వంశపారంపర్యంగానూ వచ్చే లోపాలను వర్గీకరించిన ఈ గ్రంథం ఆ రంగానికి ప్రామాణికమైంది.

వంశం నుంచి కాక అలవాటు నుంచి వచ్చే నోటి జబ్బుల అధ్యయనం ఆయనను ఉత్తరాంధ్రకు చేర్చింది. అక్కడి పల్లెల్లో చుట్టను నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని కాల్చేవారు. దీన్నే అడ్డపొగ అంటారు. మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ. ఇలా కాలిస్తే చుట్ట గాలికి ఆరదు, నెమ్మదిగా కాలుతుంది. అయితే వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. మిగతాచోట్ల గట్టి అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. ఇక్కడ మాత్రం తరచుగా కనిపించేది. కోస్తా ఆంధ్రలో ఈ క్యాన్సర్‌కు అడ్డపొగే కారణమని డి. జి. రెడ్డి, వి. కె. రావు 1957లోనే రాశారు.

ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే చూస్తే జబ్బు విస్తృతి తెలియదు. అందుకే బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దంత పరిశోధన విభాగాన్ని నడిపిన ఫలీ మెహతా, పిండ్‌బోర్గ్ కలిసి 1960ల చివర్లో ఇంటింటి సర్వే జరిపించారు. కేరళ, ఆంధ్ర, గుజరాత్, బిహార్‌లలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించారు. వారిలో 10,169 మంది శ్రీకాకుళం జిల్లావాళ్లు. ఇప్పటి విజయనగరం జిల్లాలో కొంత భాగం అప్పట్లో అందులోనే ఉండేది. ఈ 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవాళ్లే. 1971లో వెలువడిన శ్రీకాకుళం నివేదిక అంగిలిపై కనిపించే తెల్లమచ్చలు, బుడిపెలు, ఎర్రబారిన చోట్లు, రంగు వెలిసిన చోట్లు, పుండ్లను వేర్వేరుగా నమోదు చేసింది.

తర్వాత ఈ పని నివారణ వైపు మళ్లింది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, శ్రీకాకుళం జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడకందార్లకు దాన్ని మానమని నచ్చజెప్పి, ఏటా నోరు పరీక్షించారు. 1986లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం, ఆ ప్రయత్నం వల్ల కొందరు అలవాటు మానారు, కొందరు తగ్గించారు. క్యాన్సర్‌కు ముందు కనిపించే మార్పులు కొత్తగా రావడమూ తగ్గింది.