స్వేల్‌డేల్ సైకిల్ మార్గాలు

స్వేల్‌డేల్ ఇంగ్లాండు దేశములోని నార్త్ యార్క్‌షైర్ కౌంటీకి చెందిన ఒక కొండలోయ. పెనైన్ పర్వతాలలో పుట్టిన స్వేల్ నది ఈ లోయ గుండా పడమర నుండి తూర్పుకు ప్రవహిస్తుంది. లోయలో అధికభాగం 1954లో ఏర్పడిన యార్క్‌షైర్ డేల్స్ జాతీయ ఉద్యానవనం పరిధిలో ఉన్నది. నది వెంట సాగే రోడ్డు, ఆ రోడ్డు నుండి ఇరువైపులా కొండలెక్కి పక్క లోయలలోకి దిగే కనుమ రోడ్లు సైకిలు ప్రయాణానికి ప్రసిద్ధి చెందినవి. 2014లో టూర్ డి ఫ్రాన్స్ పోటీ ఈ రోడ్ల మీదుగా సాగిన తరువాత వీటి పేరు ఇతర దేశాలకు కూడా తెలిసింది.

లోయ, ఊళ్ళు

"డేల్" అనగా లోయ. ఇక్కడి ఊళ్ళ పేర్లలో చాలావరకు వెయ్యేళ్ళ క్రితం స్థిరపడిన స్కాండినేవియా జాతులవారు పెట్టినవి. కెల్డ్ అనగా ఊట, థ్వెయిట్ అనగా చెట్లు కొట్టి చదును చేసిన నేల, గన్నర్‌సైడ్ అనగా గన్నర్ అనే వాని పచ్చికబయలు. లోయ అడుగున రాతిగోడలతో విడదీసిన గడ్డిమళ్ళు, వాటి మధ్య రాతి కొట్టాలు కనిపిస్తాయి. పైకి పోయేకొద్దీ చెట్లు లేని విశాలమైన బీడు వస్తుంది. దీనిని స్థానికులు "మూర్" అంటారు. ఒకప్పుడు సీసపు గనులు ఈ లోయకు ప్రధాన జీవనాధారం. 1880ల నాటికి సీసం ధర పడిపోయి గనులు క్షీణించగా, ఎన్నో కుటుంబాలు బ్రతుకుతెరువు కోసం లాంకషైర్ నూలు మిల్లులకు, అమెరికాకు తరలిపోయాయి. నేటి సైకిలు మార్గాలలో కొన్ని ఆ గనులకు సరుకు మోసిన దారులే.

నది వెంట రోడ్డు

లోయకు వెన్నెముక వంటిది బి6270 అనే రోడ్డు. ఇది రిచ్‌మండ్ పట్టణానికి పడమరగా మొదలై గ్రింటన్, రీత్, గన్నర్‌సైడ్, మ్యూకర్, థ్వెయిట్, కెల్డ్ గ్రామాల మీదుగా పోయి, పెనైన్ శిఖరపంక్తిని దాటి నేట్‌బీ వద్ద దిగుతుంది. అక్కడికి దగ్గరలోనే కిర్బీ స్టీఫెన్ పట్టణం ఉన్నది. రిచ్‌మండ్ నుండి రీత్‌కు సుమారు 17 కి.మీ., రీత్ నుండి కెల్డ్‌కు సుమారు 18 కి.మీ., కెల్డ్ నుండి కిర్బీ స్టీఫెన్‌కు మరో 18 కి.మీ. దూరం.

మొదటి రెండు భాగాలు సాధారణ సైకిలిస్టులకు కూడా సాధ్యమే. చిన్నచిన్న ఎత్తుపల్లాలు, ఒక వాహనం మాత్రమే పట్టే పాత రాతి వంతెనలు తప్ప పెద్ద ఎక్కుడు లేదు. కెల్డ్ దాటిన తరువాతి భాగం మాత్రం వేరు. రోడ్డు 500 మీటర్లకు పైగా ఎక్కుతుంది. దారిలో దుకాణం గానీ, ఊరు గానీ ఉండదు. శిఖరానికి తూర్పున కురిసిన వాన ఉత్తర సముద్రానికి, పడమట కురిసినది ఈడెన్ నది ద్వారా ఐరిష్ సముద్రానికి చేరుతుంది.

రిచ్‌మండ్‌కు వచ్చే రైలుమార్గంలో ప్రయాణికుల రైళ్ళు 1969లో ఆగిపోయాయి. అందువలన రైలులో సైకిలు తెచ్చుకొనేవారు కిర్బీ స్టీఫెన్‌లో దిగి, లోయంతా తొక్కి, డార్లింగ్టన్‌లో తిరుగు రైలు ఎక్కుతుంటారు. ఈ దిశే మేలు. ఇక్కడ గాలి ఎక్కువగా పడమర నుండి వీస్తుంది కనుక అది వెనుకనుండి తోస్తుంది. నేట్‌బీ వైపు ఎక్కుడు నిటారుగా ఉన్నప్పటికీ, అది ప్రయాణం మొదట్లోనే ముగిసిపోతుంది.

కనుమలు

ఘాట్ రోడ్డు అనగానే మనకు మెలికలు తిరుగుతూ నెమ్మదిగా ఎక్కే రోడ్డు గుర్తుకు వస్తుంది. ఇక్కడి కనుమ రోడ్లు అటువంటివి కావు. ఇవి గుర్రాలు, పశువుల మందలు నడిచిన పాత దారుల మీద వేసినవి. అందువలన చాలాచోట్ల మెలికలు లేకుండా నేరుగా కొండ మీదికి పోతాయి. ఎత్తు తక్కువే అయినా కాళ్ళు నొప్పి పెట్టడానికి కారణం ఇదే.

బటర్‌టబ్స్ కనుమ వీటిలో ప్రసిద్ధమైనది. 526 మీటర్ల ఎత్తుగల ఈ కనుమ థ్వెయిట్‌ను దక్షిణాన వెన్స్‌లీడేల్ లోయలోని హాస్ పట్టణంతో కలుపుతుంది. శిఖరానికి దగ్గరలో సున్నపురాతిలో ఏర్పడిన లోతైన గుంతలు ఉన్నాయి. హాస్ సంతకు వెన్న తీసుకుపోయే రైతులు, ఎండవేళ విశ్రాంతి తీసుకొనేటప్పుడు వెన్న కరగకుండా ఈ చల్లని గుంతలలోకి దించేవారని, అందువలన "వెన్నతొట్లు" అనే అర్థంగల ఈ పేరు వచ్చిందని చెబుతారు. హాస్ వైపు నుండి ఎక్కుడు 4.5 కి.మీ.; సగటు వాలు 6.8 శాతం. అయితే సగటును నమ్ముకొని బయలుదేరరాదు. కొన్నిచోట్ల వాలు దానికి రెండింతలు దాటుతుంది.

గ్రింటన్ మూర్ రోడ్డు గ్రింటన్ నుండి దక్షిణంగా లేబర్న్ వైపు పోతుంది. మొదటి 3 కి.మీ. సగటున 6.6 శాతం వాలు. పైభాగంలో రోడ్డు పక్కన సైన్యపు కాల్పుల శిక్షణ ప్రాంతం ఉన్నది కనుక రోడ్డు వదలి పోరాదు. బటర్‌టబ్స్ మీదుగా హాస్‌కు దిగి, వెన్స్‌లీడేల్‌లో తూర్పుగా రెడ్‌మైర్ వరకు వచ్చి, ఈ మూర్ మీదుగా రీత్ చేరితే 50 నుండి 60 కి.మీ. మధ్య వలయం పూర్తవుతుంది.

ఉత్తరాన టాన్ హిల్ మీద 528 మీటర్ల ఎత్తులో ఉన్న సత్రం బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన మద్యశాలగా పేరుపొందింది. రీత్ నుండి ఆర్కెన్‌గార్త్‌డేల్ అనే ఉపలోయ గుండా అక్కడికి ఎక్కి, కెల్డ్‌కు దిగి, నది వెంట రీత్‌కు తిరిగి వస్తే సుమారు 43 కి.మీ. అవుతుంది. ఒక్కరోజు మాత్రమే ఉన్నవారికి ఈ వలయమే తగినది. లోయలోని మూడు రకాల నేలలూ, అనగా మళ్ళు, గనుల ప్రాంతం, మూర్, ఇందులో వరుసగా కనిపిస్తాయి.

పోటీలు

2014 జూలై 5న టూర్ డి ఫ్రాన్స్ మొదటి దశ లీడ్స్ నుండి హారోగేట్ వరకు 190.5 కి.మీ. సాగింది. పోటీదారులు హాస్ నుండి బటర్‌టబ్స్ ఎక్కి, మ్యూకర్, రీత్ మీదుగా వచ్చి, గ్రింటన్ మూర్ దాటారు. జర్మనీకి చెందిన యెన్స్ ఫోక్ట్ బటర్‌టబ్స్‌ను ఒంటరిగా ముందు దాటి, పర్వతారోహణలో ముందున్నవారికిచ్చే చుక్కల చొక్కాను పొందాడు. దశను గెలిచినది మార్సెల్ కిటెల్.

2019 సెప్టెంబరులో ప్రపంచ రోడ్డు సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ యార్క్‌షైర్‌లో జరిగింది. పురుషుల ప్రధాన పోటీ మళ్ళీ ఈ రెండు కనుమలనూ ఎక్కవలసి ఉండగా, భారీ వర్షం వలన రెండింటినీ మార్గం నుండి తొలగించి, హారోగేట్ పట్టణంలో చుట్లు పెంచారు. డెన్మార్క్‌కు చెందిన మాడ్స్ పెడర్సన్ గెలిచాడు.

వరదలు

ఈ నిర్ణయం వెనుక రెండు నెలల ముందటి అనుభవం కూడా గుర్తుంచుకోదగినది. 2019 జూలై 30న కురిసిన కుండపోత వానకు రీత్, గ్రింటన్, ఆర్కెన్‌గార్త్‌డేల్ ప్రాంతాలలో ఇళ్ళు మునిగాయి. గోడలు, పశువులు కొట్టుకుపోయాయి. గ్రింటన్ దగ్గర మూర్ రోడ్డు మీద, పోటీ మార్గంలోనే ఉన్న ఒక వంతెన కూలిపోయింది. దాని స్థానంలో తాత్కాలిక వంతెన కట్టారు. లోయ ఇరుకు, వాలు ఎక్కువ, పైన మూర్ నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచలేదు. అందువలన స్వేల్ నది గంటలలో పొంగుతుంది. కొండమీద వాన కురుస్తుంటే, అడుగున ఆకాశం తేటగా ఉన్నప్పటికీ, వాగులు రోడ్డు మీదుగా పారే చోట్లను దాటే ప్రయత్నం చేయరాదు.

ప్రయాణికులకు

భారతదేశంలో వలెనే ఇక్కడ కూడా ఎడమవైపు నడపాలి. మూర్ మీద కంచెలు ఉండవు. నల్లముఖం, తెల్లమూతిగల స్వేల్‌డేల్ గొర్రెలు రోడ్డు మీదే పడుకొని ఉంటాయి, ముఖ్యంగా దిగుడులో జాగ్రత్త అవసరం. గొర్రెలు దాటకుండా రోడ్డుకు అడ్డంగా అమర్చిన ఇనుప కడ్డీలను బ్రేకు వేయకుండా, చక్రం తిప్పకుండా నేరుగా దాటాలి. తడిసినప్పుడు అవి మిక్కిలి జారుతాయి. 1968 నాటి చట్టం ప్రకారం గుర్రపుదారులలో సైకిలు తొక్కవచ్చును గాని, కాలిబాటలలో ఆ హక్కు లేదు. మూర్ మీద మొబైలు సిగ్నలు అన్నిచోట్లా అందదు. చలికాలంలో మంచు వలన కనుమలు మూతపడవచ్చును. మే నుండి సెప్టెంబరు వరకు అనుకూలమైన కాలం. గడ్డిమళ్ళలోని పూలను చూడదలచినవారు జూన్‌లో వెళ్ళడం మంచిది, ఎందుకనగా జూలైలో గడ్డికోత మొదలవుతుంది.