గుప్తవృషణత: శిశువులలో దిగని బీజములు

మగశిశువు తల్లి గర్భములో నుండగా, అతని వృషణములు ఉదరకుహరమున మూత్రపిండముల దాపున ఏర్పడి, 8వ వారమునకును 15వ వారమునకును నడుమ గజ్జ సమీపమునకు జాఱి, కొంతకాలమచ్చట నిలిచి, 25వ వారము మొదలుకొని గజ్జలోని సన్నని నాళము గుండ సాగి, 35వ వారము నాటికి వృషణకోశమును చేరును. ఈ అవరోహణము నడుమ నెచ్చటనో ఆగిపోయి, పుట్టుకనాటికి ఒక బీజము గాని రెండును గాని కోశములో లేకుండుటయే గుప్తవృషణత. నెలలు నిండి పుట్టిన మగబిడ్డలలో నూటికి సుమారు 3గురికి, నిండకుండ పుట్టినవారిలో నూటికి 30 మంది వఱకు నిది కాన్పించును. వీరిలో పెక్కుమందికి మొదటి ఆఱు నెలలలో బీజము తనంతట దిగును. ఏడాది నిండునప్పటికి నూటికి ఒక్కనికే ఆ లోపము మిగులును. ఆఱు నెలలు దాటిన పిమ్మట దిగుట మిక్కిలి అరుదు. ఈ చివరి సంగతి వైద్యలోకమునకు స్పష్టమగుటకే రెండు శతాబ్దులు పట్టెను. తల్లిదండ్రుల చెవిని పడుటకు ఇంకను కాలము పట్టుచున్నది.

ప్రాచీన భారతవైద్యులు కోశవ్యాధులను శ్రద్ధతో పరిశీలించిరి. సుశ్రుతసంహిత వృద్ధిరోగమును ఏడు విధములుగా విభజించి, ప్రేవు కోశములోనికి దిగుటవలన కలుగు అంత్రవృద్ధిని వానిలో నొకటిగా చెప్పినది. అవరోహణక్రమము మాత్రము 18వ శతాబ్దిలో గాని తేటపడలేదు. లండనులో జాన్ హంటరు 1762లో గర్భస్థపిండముల నిర్మాణమును వర్ణించుచు, బీజమున కడుగున నంటి దానిని కోశమువైపు నడపు తంతుబంధమును గుర్తించి పేరు పెట్టెను. 1820లో మ్యూనిచ్ నగరమున రోజెన్‌మెర్కెల్ శస్త్రముచేత బీజమును దింప యత్నించెను గాని ఫలితము దక్కలేదు. మత్తుమందును, లిస్టరు బోధించిన క్రిమినాశక పద్ధతియు ఆచరణకు వచ్చిన తరువాతనే, ఎడింబరోలో థామస్ అన్నాండేల్, దారితప్పి కోశమునకును గుదమునకును నడిమి చోటికి చేరిన బీజమును 1877లో కోశమునకు సఫలముగా మార్చగలిగెను. 1899లో చికాగో వైద్యుడు బెవన్ తన విధానమును ప్రకటించెను. 1909 నాటి టోరెక్ పద్ధతిలో, దింపిన బీజము మరల పైకి పోకుండుటకై దానిని కోశముతోకూడ తొడకు కుట్టి, కొన్ని నెలల తరువాత మరల శస్త్రము చేసి విడదీయువారు. చిన్నబిడ్డ అన్ని నెలలు ఆ బంధముతో మెలగవలసివచ్చుట తలచుకొన్నచో, 1930 ప్రాంతమున పెట్రివాల్‌స్కీ, షూమాకర్ అనువారు కోశచర్మమున కడుగుననే చిన్న సంచి వలె చోటు చేసి అందు బీజము నిలుపుట యెంత మేలో బోధపడును. నేటికిని సాగుచున్నది ఆ పద్ధతియే. కడుపులోనే నిలిచిపోయిన బీజములకు 1959లో మెల్బోర్న్ వైద్యులు ఫౌలర్, స్టీఫెన్స్ వేఱొక మార్గము చూపిరి; 1976 నుండి ఉదరాంతర్దర్శిని వానిని వెదకి పట్టుటకు తోడ్పడుచున్నది.

శస్త్రము కంటె ఎక్కువగా మాఱినది శస్త్రము చేయవలసిన వయస్సు. ఇరువదవ శతాబ్ది నడిమి వఱకు వైద్యులు సైతము బాలునికి పదేండ్లు వచ్చుదాక వేచి చూడుమనిరి, పిదప అయిదారేండ్లనిరి, పిదప రెండేండ్లనిరి. కోశములోని వేడి దేహతాపము కంటె 2 నుండి 4 డిగ్రీలు తక్కువ. ఆ చల్లదనము దొరకని బీజములోని మూలకణములు మొదటి యేటనే క్షీణింప నారంభించును. ఈ సత్యము సూక్ష్మదర్శిని క్రింద స్థిరపడిన తరువాత, ఉత్తర ఐరోపా వైద్యులు 2007లో 6 నెలలకును 12 నెలలకును నడుమ శస్త్రము తగునని నిర్ణయించిరి. అమెరికా మూత్రకోశ వైద్యుల సంఘము 2014లో 18 నెలలు దాటరాదని చెప్పెను. 2007లోనే ప్రకటితమైన స్వీడన్ పరిశోధన, 13 ఏండ్లకు ముందు శస్త్రము జరిగినవారికి వృషణ క్యాన్సరు ముప్పు సాధారణజనుల కంటె రెండింతలకు పైగాను, తరువాత జరిగినవారికి అయిదింతలకు పైగాను ఉండునని తేల్చెను. ఒక్కటే దిగనివారిలో పదింట తొమ్మండుగురు తండ్రులగుచున్నారు. రెండును దిగనివారిలో ఆ సంఖ్య మూడింట రెండు పాళ్లకు పడిపోవుచున్నది.

ఈ జ్ఞానము పల్లెలకు ఎంతవఱకు చేరినదో చూచుటకు ఒక్క జిల్లాను తీసికొందము. పూర్వము ఇందూరని పేరుగల నిజామాబాదు పట్టణమును, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరపు నీటితో చెఱకు పండించిన బోధను సీమయు వైద్యచరిత్రలో పేరు లేనివి కావు. మఱుగున దాచుకొను కుష్ఠవ్యాధికి డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అను వైద్యురాలును ఆమె భర్త జార్జి కెరును చికిత్సాలయము నెలకొల్పిరి. అట్టి జిల్లాలో పసిబిడ్డని యీ చిన్న లోపము ఇంకను గుట్టుగా నుండుట నాకు బాధాకరముగా తోచును. 1937లో శక్కర్‌నగరమున వెలసి, 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారపు పరిసర గ్రామములలో, "చెఱకు పైసలు వచ్చినంక చూద్దాం" అను మాట ఏండ్లకేండ్లు వాయిదాకు కారణమైనది. ఆర్మూరు, బోధను పల్లెలనుండి తండ్రులనేకులు గల్ఫుకు పోవుటచే, తల్లి యొక్కతే నిర్ణయింపజాలక భర్త సెలవునకు ఎదురుచూచును.

లోపమును మొదట కనిపెట్టునది తఱచుగా నానమ్మయో అమ్మమ్మయో. పీటమీద కాళ్లు చాచి కూర్చుండి, బిడ్డను కాళ్లపై పరుండబెట్టి, నూనె రాచి, వేడినీళ్లు పోయునప్పుడు, ఒక ప్రక్క కోశము చప్పిడిగా, ముడుతలు లేకుండ నుండుట ఆమె చేతికి తగులును. నిజమునకు పరీక్షకు అంతకంటె తగిన సమయము లేదు. చలికిని భయమునకును పైకి ముడుచుకొను బీజము వేడిలో జాఱి క్రిందికి వచ్చును. అట్లు వచ్చి నిలుచునది దోషము కాదు, ఏటేట చూపించుకొన్న చాలును. వేడినీళ్ల వేళను గూడ రాని బీజమును వైద్యునికి చూపవలెను. "వాళ్ల నాయినకు గూడ గట్లనే ఉండె, దిగుతదిలే" అను పెద్దల ఓదార్పు ఆఱవ నెల వఱకు చెల్లును, ఆపై చెల్లదు. స్కానింగుకై వేలు ఖర్చుచేయు తల్లిదండ్రులును కలరు. దిగని బీజమును వెదకుటలో అనుభవజ్ఞుడైన వైద్యుని వెచ్చని చేయి స్కానింగు కంటె నమ్మదగినది. నూటికి 80 బీజములు చేతికే దొరకును. హార్మోను సూదులవలన కలుగు మేలు స్వల్పము. రెండును చేతికి దొరకని శిశువు విషయమున మాత్రము, పుట్టిన వెంటనే, ఆసుపత్రి విడువకముందే లోతైన పరీక్షలు కావలెను.

పూర్వము ఇట్టి శస్త్రమునకై 1953లో నెలకొన్న హైదరాబాదు నీలోఫరు ఆసుపత్రికి ప్రయాణము తప్పెడిది కాదు. 2013లో నిజామాబాదుననే ప్రభుత్వ వైద్యకళాశాల నడువసాగెను. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకపు శిశుశస్త్రచికిత్సల పట్టికలో దీనికిని చోటు దొరకుటచే, తెల్లకార్డు కుటుంబమునకు ఖర్చు అడ్డు కానక్కఱలేదు. గజ్జలో చిన్న గాటు పెట్టి, తోడుగా నుండు హెర్నియా సంచిని కట్టి, బీజమును దింపి నిలుపుదురు. బిడ్డ సాధారణముగా ఆనాడో మఱునాడో ఇల్లు చేరును. రెండు వారములు చంకన కాళ్లు చాచి ఎత్తుకొనకుండుట, గుఱ్ఱపు బొమ్మ నెక్కనీయకుండుట చాలును. బాసరలో అక్షరాభ్యాసము చేయించు వయస్సునకు చాల ముందే ఇదంతయు ముగియవచ్చును. అటుపిమ్మట వైద్యుడు కొన్నాళ్లకొకమాఱు బీజము చోటును పెరుగుదలను చూచును. కుఱ్ఱవానికి యౌవనము వచ్చినప్పుడు జరిగిన చికిత్సను తండ్రి దాచక చెప్పి, నెలకొకమాఱు తానే తడిమి చూచుకొని గట్టిదనము గాని వాపు గాని కనిపించిన వెంటనే వైద్యునికి చూపుకొనుట నేర్పవలెను.