లోబోకు పగడపు రాతి దేవాలయము

ఫిలిప్పీను దీవులు ఏడువేలకు పైబడినవి. వానిలో విస్తీర్ణమున పదవది బోహోలు. ఆ దీవి దక్షిణ తీరమునుండి కొన్ని మైళ్లు లోపలికి పోయినచో, లోబోకు అను నది యొడ్డున అదే పేరుగల గ్రామము కనబడును. అచ్చటి రాతి దేవాలయము క్రైస్తవ అపొస్తలుడగు పేతురు పేర వెలసినది. 2013లో భూకంపమునకు దెబ్బతిని, 2021లో మరల తెరువబడిన యీ దేవాలయమును నేను చూచి వచ్చితిని. అది కట్టబడిన విధమును, కూలిన విధమును, తిరిగి నిలిచిన విధమును పెద్దలగు మీకు మనవి చేయుదును.

పగడపు రాయి యనగానే మన స్త్రీలు ధరించు ఎర్రని పగడము మనస్సునకు వచ్చును. ఇది యది కాదు. వెచ్చని సముద్రములలో లోతులేని చోట్ల చిన్న చిన్న జీవులు నీటిలోని సున్నమును గ్రహించి తమకు గూళ్లు కట్టుకొనును. ఆ గూళ్లు వేలకొలది యేండ్లు ఒకదానిపై నొకటి పేరుకొని రాతి దిబ్బలగును. నీటినుండి తీసిన క్రొత్తలో ఆ రాయి మెత్తగానుండి పనిముట్టునకు లొంగును. గాలి తగిలి ఆరినకొలది గట్టిపడును. గోడ దగ్గరకు పోయి చూచితిని. రాయినిండ సన్నని రంధ్రములు, పూరేకులవంటి గీతలు కనబడినవి. ఇదే జాతి రాతిని, సముద్రపు గుల్లలను కాల్చిన సున్నము వచ్చును. కావున రాయియు, రాతిని రాతితో కలుపు సున్నమును ఆ సముద్రము పెట్టినవే. సున్నములో కోడిగ్రుడ్ల తెల్లసొన కలిపిరనియు, మిగిలిన పచ్చసొనతో అచ్చటి స్త్రీలు తీపి వంటకములు చేయ నేర్చిరనియు ఆ దేశమున చెప్పుకొందురు. గానుగ సున్నములో కరక్కాయ నీరును, బెల్లపు నీరును కలుపుట యెరిగిన మన పెద్దలకు ఈ మాట వింతగా తోచదు.

స్పెయిను దేశస్థులు 1565లో ఆ దీవులలో స్థిరపడిరి. 1596లో జెస్యూటు మతగురువులు బోహోలు చేరిరి. లోబోకులో వెనుకటి దేవాలయము అగ్నికి ఆహుతి కాగా, ఇప్పటి కట్టడము 1734 ప్రాంతమున లేచినది. 1768లో స్పెయిను రాజు జెస్యూటులను వెడలగొట్టుటచే, రికలెక్టు శాఖవారు వచ్చి దానిని స్వాధీనము చేసికొనిరి. గోడలకు ఆనుదిమ్మలు, ముందుభాగమున ముఖమంటపము వారి కాలమున చేరినవి. లోకప్పుమీది చిత్రములు ఇరువదవ శతాబ్దమున రేముండో ఫ్రాన్సియా మొదలగు సెబు చిత్రకారులు వ్రాసినవి. ఇట్లు ఒక్క కట్టడములో మూడు కాలముల చేతిపని కలదు.

అయితే ఈ రాళ్లను మోసినవా రెవరు? మన గ్రామములలో వెట్టి యనిన నేమో మీకు వేరుగ చెప్ప నక్కరలేదు. స్పెయిను ప్రభుత్వములో పదునారేండ్లు మొదలు అరువదేండ్ల వరకు గల ప్రతి పురుషుడును ఏటికి 40 దినములు వెట్టి చేయవలసియుండెను. 1884లో గాని అది 15 దినములకు తగ్గలేదు. వంతెనలు, ఓడలు, దేవాలయములు ఆ వెట్టితోనే లేచినవి. లోబోకు దేవాలయము లేచిన పదియేండ్లకు, 1744లో, అదే దీవిలో ఫ్రాన్సిస్కో దగోహొయ్ అను నాయకుడు తిరుగుబాటు లేవదీసెను. మరణించిన తన తమ్మునికి క్రైస్తవ మర్యాదతో ఉత్తరక్రియలు జరుపుటకు ఒక మతగురువు నిరాకరించుట దానికి కారణమని చెప్పుదురు. ఆ తిరుగుబాటు 1829 వరకు, అనగా 85 సంవత్సరములు సాగినది. ఈ గోడలలో భక్తియున్నది, బలవంతమును ఉన్నది. రెంటిలో దేనిని మరచినను చరిత్ర సగమే యగును.

మరి వెట్టితో కట్టించిన గుడిని ఆ ప్రజల సంతతి తమదని యెట్లు భావించెను? దీనికి ఉత్తరము నదిమీదనే కనబడినది. ఇరువదవ శతాబ్దము చివర రాకపోకల సౌకర్యమునకై లోబోకు నదిపై ఒక కాంక్రీటు వంతెన తలపెట్టిరి. అది పూర్తియైనచో దారి సరిగా దేవాలయ ప్రాంగణముమీదికే వచ్చును. గోడలకును, గంటగోపురమునకును ముప్పు తప్పదని పలువురు అడ్డుచెప్పిరి. పని ఆగిపోయెను, వంతెన నదిమీదికి చాచిన చేయివలె సగములో నిలిచెను. తాతలచేత బలవంతముగా కట్టించినదానిని మనుమలు తమంతట తాము కాపాడుకొనిరి. దేవాలయము వారి సొత్తయినది అప్పుడే యని నా అభిప్రాయము.

2013 అక్టోబరు 15వ తేది మంగళవారము ఉదయము 8 గంటల 12 నిమిషములకు బోహోలు కంపించెను. దాని తీవ్రత 7.2. శాస్త్రజ్ఞులు అంతకుముందు గుర్తింపని ఒక పగులు దీవి ఉత్తరభాగమున భూమిలో కదలుటయే దీనికి కారణము. ఇనబాంగా ప్రాంతమున చదునుగానున్న నేల చీలి, ఒకవైపు ఆరడుగులకు పైగా గోడవలె పైకి లేచినది. రెండువందల మందికి పైగా మరణించిరి. ఆ దినము సెలవుదినమగుటచే బడులు, కచేరీలు మూసియుండెను. ఆదివారము కానందున దేవాలయములలో జనులు మూగియుండలేదు. లేనిచో నష్టము మరెంతయో యుండెడిది. లోవోన్ గ్రామపు పెద్ద దేవాలయము రాళ్లకుప్పయై పోయినది. లోబోకులో ముఖమంటపము కూలెను, గంటగోపురపు పైభాగము పడిపోయెను. ప్రధానమైన గోడలు మాత్రము చాలవరకు నిలిచెను.

ఇట్లేల జరిగెను? పాతకాలపు రాతిగోడకు లోపలను వెలుపలను చెక్కిన రాళ్లుండును. నడుమ రాతిముక్కలు, సున్నము నింపుదురు. పైనుండి పడు బరువును అది శతాబ్దములు మోయగలదు. ప్రక్కనుండి వచ్చు ఊపునకు తాళలేదు. అందునను తరువాత చేర్చిన భాగము మొదటి గోడతో కలిసి ఊగక, వేరుగా ఊగి విడివడును. ముఖమంటపము గోడకు తోడుగ పుట్టినది కాదు, దాపున చేరినది. భూమి కదలగానే ఆ యతుకు బయటపడెను.

కూలిన రాళ్లను యంత్రములతో నెట్టివేయక, నేషనల్ మ్యూజియము మొదలగు ప్రభుత్వ సంస్థలవారు ఏరించి, వేరుచేయించి, సంఖ్యలు వేయించి, ఏ రాయి ఎచ్చటిదో గుర్తించు పని పూనిరి. ఇది ఓర్పుతో చేయవలసిన పని. ఇండ్లు పోయినవారు గుడారములలో నుండగా, మూడు వారములు దాటగనే నవంబరు 8న మహా తుపాను ఒకటి ఆ దీవుల నడుమ భాగమును ధ్వంసము చేసినది. ముందు ఇండ్లా, ముందు గుళ్లా యను ప్రశ్న సహజమే. ప్రార్థనలు తాత్కాలికమైన పందిళ్లలో జరిగెను. తొందరపడి సిమెంటుతో అతికినచో పని త్వరగా ముగియును. కాని సిమెంటు పగడపు రాతికంటె గట్టిది. తడిని బయటికి పోనీయదు. లోన చిక్కిన తడియు, ఉప్పును రాతినే పిండి చేయును. సున్నము మెత్తనిది, రాతితోబాటు తడిని పీల్చి విడుచును. పాత గోడకు పాత మందే తగును. ఏడేండ్లకు పైగా వేచిన పిమ్మట 2021 మే నెలలో దేవాలయము గ్రామస్థులకు అప్పగింపబడెను.

కథ అంతటితో ముగియలేదు. అదే సంవత్సరము డిసెంబరు 16న మరియొక పెను తుపాను వచ్చి లోబోకు నది పొంగెను. గ్రామము నీట మునిగెను. గోడల నుండి బురద కడుగుట మరల మొదలు. అయినను ఆ గ్రామస్థులకు ఇది క్రొత్త కాదు. అగ్ని, వరద, భూకంపము, మరల వరద — ప్రతి తరమునకును తనవంతు పని తప్పలేదు.

కట్టించినవారి పేర్లు శిలాఫలకములపై నుండును. నిలిపినవారి పేర్లు ఎచ్చటను ఉండవు. కాని 1734 నాటి గోడ నేడు నిలిచియున్నదన్నచో అది వీరివలననే. మీ గ్రామమున పాత మంటపమేదైన కూలినచో, క్రొత్తది కట్టింతురో లేదో పిదప ఆలోచింపవచ్చును. ముందుగ పడిన రాళ్లను ఎవ్వరును బండ్లమీద తరలింపకుండ కావలియుంచుడు. రాళ్లు చెదరినచో ఎంత ధనమున్నను అది తిరిగి రాదు. రాళ్లున్నచో, ఏడేండ్లు పట్టినను, గోడ లేచును.