దువ్వెన పళ్ళ దారులు

నెల్లూరు తీరాన సైకిలు తొక్కేవాడికి గాలే గడియారం. సంక్రాంతి దాటాక, తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు మెల్లగా వీస్తుంది. అప్పుడు మైపాడు దారి పట్టామంటే ఎవరో వీపున చెయ్యి పెట్టి నెడుతున్నట్టే ఉంటుంది. ఎండెక్కాక గాలి తిరుగుతుంది. ఆ వేళకు వెనక్కి మళ్ళితే సముద్రపు గాలే ఇంటిదాకా తోసుకొస్తుంది.

ఈ లెక్క నాకు నేర్పింది మా చిన్నతనంలో పట్టపుపాళెం నుంచి సైకిలు క్యారేజీకి గంప కట్టుకుని చేపలు తెచ్చే పెద్దాయన. ఆయన పొద్దున్నే సముద్రం దగ్గర నుంచి ఊళ్ళకు వచ్చి, అమ్మకం అయ్యాక ఎండలో తిరిగిపోవాలి. అంటే గాలి లెక్క ఆయనకు తిరగబడుతుంది. "గాలి మీకు చుట్టం నాయనా, మాకు అప్పులోడు. వచ్చేటప్పుడూ ఎదురొస్తాడు, పోయేటప్పుడూ ఎదురొస్తాడు" అనేవాడు. మా తీరం దారుల చరిత్ర అంతా ఆ రెండు ముక్కల్లోనే ఉందని నాకు అరవై దాటాక అర్థమైంది.

ఇప్పుడు ఆదివారం పొద్దున హెల్మెట్లు పెట్టుకుని గేర్ల సైకిళ్ళ మీద కుర్రవాళ్ళు నెల్లూరు నుంచి సముద్రానికి బయలుదేరుతున్నారు. వాళ్ళ వెనకే, చాలా వెనక, నా పాత సైకిలు మీద నేనూ పోతుంటాను. మొన్న ఇందుకూరుపేట దాటాక ఒక టీకొట్టు దగ్గర ఆగితే, కొట్టతను జాలిగా చూసి, "ఏందన్నా, బండి చెడిపోయిందా?" అన్నాడు.

పటంలో మా తీరాన్ని చూస్తే దువ్వెన గుర్తొస్తుంది. మద్రాసు, కలకత్తాల మధ్య పోయే జాతీయ రహదారి, దాని పక్కన రైలు కట్ట ఆ దువ్వెనకు వెన్ను. అందులోంచి తూర్పుకు దిగినవి పళ్ళు. ఉత్తరాన కావలి నుంచి తుమ్మలపెంట, అల్లూరు నుంచి ఇసకపల్లి, కోవూరు నుంచి విడవలూరు మీదుగా రామతీర్థం. నెల్లూరు నుంచి మైపాడు, కోడూరు, ముత్తుకూరు మీదుగా కృష్ణపట్నం. ఇంకా దక్షిణాన కోట, వాకాడు దాటి తూపిలిపాళెం. ఏ పన్ను పట్టినా సముద్రం చేరతాం. ఒక పన్ను కొస నుంచి ఇంకో పన్ను కొసకు అలల పక్కనే పోదామంటే మాత్రం కుదరదు, మళ్ళీ లోపలికి రావలసిందే. ఊరికీ ఊరికీ మధ్య అడ్డరోడ్లు లేకపోలేదు. తీరం పొడుగునా సాగే రోడ్డే లేదు. ఎందుకు లేదో తెలియాలంటే మైపాడు దారి తొక్కాలి.

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లకు మించదు. ఎక్కడా మిట్ట లేదు. 1855లో నెల్లూరు దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టాక కాలువ నీళ్ళు పారి ఈ నేలంతా మాగాణి అయింది. నెల్లూరు మొలగొలుకులు ఊరూరా పేరు తెచ్చుకున్నది ఈ మాగాణి చలవతోనే. జనవరిలో పోతే రెండు పక్కలా పచ్చటి నాట్లు. కోతలయ్యాక పోతే సగం రోడ్డు మనది, సగం రోడ్డు వడ్లది. ఆరబోసిన వడ్ల మీద చక్రం ఎక్కించకూడదన్నది మా అమ్మ నేర్పిన మొదటి ట్రాఫిక్ రూలు.

దారిలో ఎడమకు తిరిగి పెన్న గట్టుకు పోతే పల్లిపాడు. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ఇక్కడ పినాకిని సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. స్థలం ఇచ్చింది పొణకా కనకమ్మ. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య ఆశ్రమాన్ని నిలబెట్టినవాళ్ళు. భవనానికి డబ్బు దక్షిణాఫ్రికా నుంచి గాంధీజీ స్నేహితుడు, పార్సీ రుస్తుంజీ ఇచ్చారు. చెట్ల నీడలో సైకిలు ఆనించి కాసేపు కూర్చుంటే, ఏటి మీద గాలి చెమటను ఆర్పేస్తుంది.

తిరిగి పెద్దరోడ్డెక్కి గంగపట్నం చాముండేశ్వరి గుడి దాటేసరికి వరి తగ్గి రొయ్యల గుంటలు మొదలవుతాయి. మా కళ్ళముందే 1990ల మొదట్లో పొలాలు గుంటలయ్యాయి. టైగర్ రొయ్య మేడలు కట్టించింది. తర్వాత తెల్లమచ్చ తెగులు వచ్చి ఆ మేడలనే తాకట్టు పెట్టించింది. తీరప్రాంతంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009లో వన్నామి రకానికి అనుమతి దొరికాక గుంటలు మళ్ళీ నిండాయి. ఏరియేటర్లు నీళ్ళు చిమ్మే చప్పుడు రోడ్డు మీదికి వినిపిస్తుంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్నే సముద్రపు హోరనుకుంటారు.

ఆ తర్వాత వస్తుంది వంతెన, దాని కింద బకింగ్‌హామ్ కాలువ. మా తీరం పొడుగునా ఉండవలసిన దారి ఇదే. అది నీళ్ళ దారి.

1806లో మద్రాసు నుంచి ఎన్నూరుకు తవ్విన కాలువ ఇది. 1837లో సర్కారు చేతికి వచ్చి, ముక్క ముక్కగా ఉత్తరానికి పెరిగి, మద్రాసుకు 315 కిలోమీటర్ల దూరాన ఉన్న పెదగంజాం దాకా సాగింది. 1876-78 కరువులో కూలిపని కల్పించడానికి మద్రాసు ఊళ్ళో ఒక ముక్క తవ్వించారు. అప్పటి గవర్నరు పేరే 1878లో కాలువకంతటికీ పెట్టారు. మా వైపు నుంచి ఉప్పు, వడ్లు, సర్వి కట్టెలు పడవల్లో మద్రాసు పోయేవి. తీరం ఇసుకలో పెరిగిన సర్వి తోటలు ఎన్ని వేల ఇళ్ళ పొయ్యిల్లో మండాయో! గాలి అనుకూలమైతే తెరచాప, లేకుంటే గట్టు మీద మనుషులు తాడు భుజానేసుకుని లాగడం. పెద్దాయన చెప్పిన అప్పులోడు వాళ్ళకూ ఎదురయ్యేవాడే.

రైలు, ఆపైన లారీ సరుకును ఎగరేసుకుపోయాయి. 1965-66, 1976 తుపానులు కాలువను దెబ్బతీశాయి. పూడిక తీసే నాథుడు లేకుండా పోయాడు. దాంతో దువ్వెనకు రెండో వెన్ను విరిగింది. అయినా 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పొంగిన సముద్రపు నీళ్ళలో కొంత ఈ పాత కాలువే తనలోకి తీసుకుంది. అది లేకుంటే ఆ నీళ్ళు ఇంకెంత లోపలికి వచ్చేవో.

ఒకసారి కాలువ గట్టు మీదే దక్షిణంగా తొక్కి చూద్దామని బయలుదేరాను. కిలోమీటరు పోయానో లేదో చిల్లచెట్టు ముల్లు దిగింది. ఊళ్ళో పంక్చరు కొట్టతను ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు లెక్కపెట్టాడు. మొత్తం నాలుగు చిల్లులు. "గట్టు మీద గొర్రెలే పోవు, నువ్వు పోయినావా!" అని ప్యాచీలు వేసి పంపాడు.

పెన్న దగ్గర కథ ఇంకా విచిత్రం. ఏటికి ఉత్తరాన విడవలూరు మండలంలో ముదివర్తి, దక్షిణాన ఇందుకూరుపేట మండలంలో ముదివర్తిపాళెం. పేరులోనే చుట్టరికం ఉంది. ఏరు ఎండినప్పుడు ఇసుకలో సైకిలు నెట్టుకుంటూ దాటొచ్చు. నీళ్ళుంటే నెల్లూరు చుట్టి రావాలి. రెంటినీ కలిపే వంతెన మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. పాత ఆనకట్ట దగ్గర కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమయ్యాక నెల్లూరు దగ్గర ఏరు దాటడం సులువైంది. సైకిలువాడికి మాత్రం చుట్టు చుట్టే.

ఆ చుట్టు తిరిగి ఉత్తరపు పన్ను పట్టినా నష్టం లేదు. విడవలూరు దగ్గరి అలగానిపాడులో 1913 మే 1న పుచ్చలపల్లి సుందరయ్య పుట్టారు. కలిగిన ఇంటి బిడ్డ. 1952లో రాజ్యసభకు వెళ్ళి, ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీదే పోయేవారు. దేశమంతా దాన్ని వింతగా చెప్పుకుంది. ఈ పల్లెల్లో తిరిగితే ఆ వింత కాస్త తగ్గుతుంది. పంటకాలువ గట్ల మీద పోవాలంటే ఇక్కడ సైకిలే వాహనం. అక్కడి నుంచి రామతీర్థం కామాక్షి రామలింగేశ్వరుల గుడి, గుడి వెనకే సముద్రం. ఇంకాస్త ఉత్తరాన ఇసకపల్లి ఉప్పుమళ్ళు, మధ్యాహ్నం అటు చూస్తే కళ్ళు జిగేల్‌మంటాయి.

దక్షిణపు పళ్ళలో కృష్ణపట్నం రోడ్డు అన్నిటికన్నా వెడల్పు, సైకిలుకు అన్నిటికన్నా ఇరుకు. కండలేరు సముద్రంలో కలిసే ఆ పాత రేవులో 2008లో కొత్త ఓడరేవు పని మొదలుపెట్టింది. నేలటూరు వైపు బొగ్గు కరెంటు కేంద్రాలు లేచాయి. లారీ పక్కనుంచి పోతే హ్యాండిలు దానంతటదే వణుకుతుంది. ఇంకా కిందికి, వాకాడు మండలంలోని దుగరాజపట్నంలో ఇంగ్లీషువాళ్ళు 1626లో గిడ్డంగి పెట్టారు. వాళ్ళు ఆర్మగాన్ అని పిలిచిన ఆ రేవులో పనిచేసిన ఫ్రాన్సిస్ డేనే 1639లో దక్షిణానికి పోయి మద్రాసుకు పునాది వేశాడు. మద్రాసు మహానగరమైంది. దుగరాజపట్నం చేపల వలలు ఆరేసుకునే ఊరుగానే మిగిలింది.

ఇన్ని దారులు తొక్కాక నాకు తేలింది ఒకటే. వీటిలో ఏ ఒక్కటీ సముద్రం చూడటానికి వేసింది కాదు. ఉప్పు, వడ్లు, కట్టె, రొయ్య, బొగ్గు ఏదో ఒకటి తీరం నుంచి మోసుకుపోవడానికి వేసినవే. అందుకే అన్నీ వెన్ను వైపే చూస్తాయి. తీరం ఊళ్ళను ఒకదానితో ఒకటి కలిపిన దారి కాలువ ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో నేను కాలువ వంతెన మీద ఆగుతాను, గాలి తిరిగేదాకా. పదకొండు దాటాక పిట్టగోడ మీద పెట్టిన నా తుండు కొస పడమటికి ఎగురుతుంది. అదే గుర్తు. సైకిలెక్కుతుంటే ఎదురుగా మోపెడ్ల మీద ఖాళీ ఐసు పెట్టెలతో చేపలవాళ్ళు పట్టపుపాళెంకు తిరిగిపోతుంటారు. గాలి వాళ్ళకు ఇప్పటికీ ఎదురే. ఆ అప్పును ఇప్పుడు పెట్రోలు బంకులో తీరుస్తున్నారు.